మూడో చార

మా అమ్మాయి ఇంటి తలుపు లోపలి నుంచి తీయడం తేలిక. పిడి తిప్పితే చాలు. మనం బయట అడుగు పెట్టాక మాత్రం అది దానంతట అదే మూసుకుని తాళం పడిపోతుంది. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఆక్లండ్ వచ్చిన మొదటి వారంలో, వానలో, చెత్తడబ్బాల పక్కన రెండు గంటలు నిలబడి నేర్చుకున్నాను.

మేముండేది మౌంట్ రాస్కిల్ అనే పేటలో. ఇంట్లో ముగ్గురం. అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. అల్లుడు సిటీ బస్సు నడుపుతాడు. ఒకరు వచ్చే వేళకి ఒకరు వెళ్తారు. మధ్యలో నేను. కిటికీలోంచి చూస్తే ఎదురింటి కంచె, దాని మీద ఒక పిల్లి. మనుషులు కనపడరు, కార్లు కనపడతాయి. పిల్లి దిగి ఎటో వెళ్తుంది, తన ఇష్టమొచ్చినప్పుడు వస్తుంది. దాన్ని ఎక్కడికెళ్ళావని అడిగేవాళ్ళు లేరు.

ఆ ఇంట్లో నాకంటూ ఉన్నది బస్సు కార్డు ఒక్కటే. పొద్దున పదకొండు దాటాక వీధి చివరకి నడిచి, బస్సెక్కి, శాండ్రింగ్‌హామ్‌లో మనవాళ్ళ కొట్ల దగ్గర దిగేదాన్ని. కరివేపాకు కొనేదాన్ని, లేకపోతే ఏమీ కొనేదాన్ని కాదు. బెంచీ మీద ఒక గుజరాతీ ముసలావిడ కూర్చునేది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకి రాదు. గంటసేపు మాట్లాడుకునేవాళ్ళం. మళ్ళీ బస్సెక్కి వచ్చేదాన్ని. అంతే. ఇందులో ఏముందని అడిగేవాళ్ళకి నేను చెప్పలేను. వాళ్ళని ఒక నెల ఆ కిటికీ దగ్గర కూర్చోమంటాను.

పోయిన శీతాకాలంలో ఒకసారి తప్పు బస్సెక్కి న్యూ లిన్‌లో తేలాను. స్టేషను దగ్గర చీకటి పడేదాకా తిరిగాను. అమ్మాయి డ్యూటీ బట్టల్లోనే వచ్చి పట్టుకుంది. ఇంటికొచ్చాక అడిగింది.

"అమ్మా, నిజం చెప్పు. బస్సు నెంబరు కనపడలేదా నీకు?"

"ఎందుక్కనపడదు? నిద్రమత్తులో ఎక్కేశాను."

"ఇంకొక్కసారి ఇలా జరిగితే ఆ కార్డు నా దగ్గరుంటుంది. కళ్ళలో ఏదైనా తేడా ఉంటే ఇప్పుడే చెప్పు."

"గద్ద కళ్ళే నావి," అన్నాను.

అబద్ధం. ఎడమ కంట్లో పాలపొర, కుడి కంట్లో పల్చటి టీ. లోకమంతా ఆ టీలోంచి కనపడేది. చెబితే ఆపరేషన్ అంటారు, ఆపరేషన్ దాకా ఇంట్లోనే ఉండమంటారు, ఆ తేదీ ఎప్పుడొస్తుందో దేవుడికి తెలియాలి. అందుకని చెప్పలేదు. నెంబరు కనపడకపోతే ఏం, ఏ బస్సు వచ్చినా చెయ్యెత్తేదాన్ని. ఆగాక "శాండ్రింగ్‌హామ్?" అనేదాన్ని. కాదంటే "సారీ" అనేదాన్ని. ఆ రెండు మాటలతో ఏడాది నెట్టుకొచ్చాను.

అలాంటి రోజుల్లో మా ఇంటికి కత్తి వచ్చింది.

మా చర్చిలోని తెలుగు సంఘంలో పిల్లలూ పెద్దలూ కలిసి నాటకం వేస్తున్నారు. దేవుడు మొదటి మనుషులిద్దర్నీ తోటలోంచి వెళ్ళగొట్టే కథ. వాళ్ళు మళ్ళీ లోపలికి రాకుండా గుమ్మం దగ్గర మంటల కత్తితో ఒక దూత నిలబడాలి. మా అల్లుడు ఆరడుగుల పైన ఉంటాడు, నోరు విప్పడు. దూతకి మాటల్లేవు, నిలబడితే చాలు. అందుకని అతన్ని పెట్టారు. కత్తి కూడా అతన్నే చేసుకోమన్నారు.

అతను శ్రద్ధగానే మొదలుపెట్టాడు. పాత వాక్యూమ్ క్లీనర్ గొట్టం ముక్క పిడి అయింది. దానిలో ఆరు చిన్న బ్యాటరీలు. పైన గజం పొడవు తెల్ల ప్లాస్టిక్ గొట్టం. వెలుగు ఒకచోట కుప్పపడకుండా పరుచుకునేందుకు గొట్టం లోపల కేకుల కింద వేసే కాగితం చుట్టాడు. ఇక ఎర్రవీ పసుపువీ ఇరవై నాలుగు ఎల్ఈడీ బల్బులు బిగించాలి. అక్కడ ఆగిపోయాడు. వంటింటి బల్ల మీద అన్నీ పరుచుకుని, తల పట్టుకుని కూర్చున్నాడు.

నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. మా వైపు అత్త అల్లుడి ఎదుట కుర్చీలో కూర్చోదు. అల్లుడు అత్త మాటకి ఎదురు చెప్పడు, తప్పని చెప్పడు. ఈ దేశంలో ఎవరికీ పట్టని పద్ధతే. అయినా ఆరేళ్ళుగా ఒకే కప్పు కింద ఉండి మేమిద్దరం దాన్ని వదల్లేదు. వదిలితే ఏం మాట్లాడుకోవాలో తెలియదు కాబట్టి కూడా కావచ్చు.

"ఏమిటి బాబూ, ఎక్కడ చిక్కింది?"

"ఏం లేదత్తయ్యా. ఈ రెసిస్టర్లు ఏవి వేయాలో కన్ఫ్యూజన్‌గా ఉంది. చర్చిలో ఒకాయన డబ్బాడు ఇచ్చాడు. అన్నీ కలిసిపోయి ఉన్నాయి."

బిస్కట్ల డబ్బా నా వైపు తిప్పి చూపించాడు. డబ్బా నిండా గింజలు. నా కాళ్ళు వాటంతట అవే బల్ల దగ్గరకి నడిచాయి. ఆరేళ్ళలో మొదటిసారి అతని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

దీనికొక కథ ఉంది. నాకు అక్షరాలు వచ్చింది యాభై రెండో ఏట. పాస్టరమ్మ గారు సాయంత్రాలు మాలాంటి నలుగురు ఆడవాళ్ళని కూర్చోబెట్టి పలక మీద దిద్దించింది. కానీ అంకెలు అంతకు ముప్పై ఏళ్ళ పైన ముందే వచ్చాయి, అవీ రంగుల్లో వచ్చాయి. పద్దెనిమిదో ఏట రేడియోలు బిగించే షెడ్డులో చేరాను. రెసిస్టర్ని మేము గింజ అనేవాళ్ళం. కరెంటు మీదపడి మిగతావాటిని మాడ్చకుండా ఆపే ముక్క అది. వరిగింజ కంటే కాస్త పెద్దది, ఒంటి మీద రంగు చారలు. మొదటి రెండు చారలు అంకెలు. మూడోది ఆ అంకెల వెనక ఎన్ని సున్నాలో చెబుతుంది. నాలుగోది బంగారు చార, అది వచ్చిందంటే గింజ అక్కడికి అయిపోయినట్టు. నలుపంటే సున్నా, కాఫీ రంగు ఒకటి, ఎరుపు రెండు, నారింజ మూడు. చదువుకున్న పిల్లలు చీటీ చూసి ఏరేవాళ్ళు. నేను చూడకుండా ఏరేదాన్ని. మూడేళ్ళు తిరిగేసరికి నన్ను బిగింపు బల్ల నుంచి పరీక్ష బల్లకి మార్చారు. సంతకం రాదు, వేలిముద్ర వేసి ఆ బల్ల తీసుకున్నాను.

"బల్బులు ఎన్నెన్ని ఒక వరస?" అన్నాను.

"మూడు, అత్తయ్యా. ఎనిమిది వరసలు."

"ఆరు బ్యాటరీలు, తొమ్మిది వోల్టులు. ఎర్ర బల్బు రెండు వోల్టులు తింటుంది. మూడు బల్బులు ఆరు తింటాయి. మిగిలింది మూడు. ఆ మూడూ గింజ మింగాలి. రెండు వందలైతే సరిపోద్ది. రెండు వందల గింజ సులువుగా దొరకదు. పై మెట్టు, రెండు వందల ఇరవై. తక్కువ గింజ వేస్తే బల్బు మాడుద్ది, ఎక్కువ వేస్తే కాస్త మసగ్గా వెలుగుద్ది. అనుమానమొస్తే ఎప్పుడూ పైదే వేయాలి."

అతను నోరు తెరుచుకుని చూశాడు. "మీరు ఇవన్నీ... ఎప్పుడూ చెప్పలేదే!"

"నువ్వెప్పుడూ అడగలేదే!"

నవ్వాడు. ఆ ఇంట్లో నా మాటకి అతను నవ్వడం అప్పటిదాకా నేను చూడలేదు. ఆ నవ్వే నన్ను చెడగొట్టింది. అతను పక్కనున్న మీటరు తీశాడు. గింజ రెండు కొసలకీ తాకిస్తే అంకె చూపించే పెట్టె అది. "దీనికి బ్యాటరీ అయిపోయింది, డెయిరీకి వెళ్ళి తెస్తాను," అని లేవబోయాడు. డెయిరీ అంటే ఇక్కడ మూల కొట్టు.

"మీటరెందుకు? నాకు కళ్ళు లేవా?" అన్నాను.

అనాల్సిన మాట కాదు. అనేశాను. ఇక ఏరక తప్పదు.

గింజలు మా కాలం నాటివి కావు. మావి మట్టిరంగు ఒళ్ళు, ఇవి నీలం. నీలం మీద చారలు నా కంటికి అసలే ఆనవు. కిటికీ వైపు తిరిగి, ఒక్కొక్కటీ కుడికంటికి దగ్గరగా పెట్టుకున్నాను. ఎరుపు, ఎరుపు, కాఫీ రంగు, బంగారం. ఇదే. బంగారం తరవాత ఇంకో గీత ఉంది. కంపెనీవాడి గుర్తేమో అనుకున్నాను. బంగారం వచ్చాక గింజ అయిపోయినట్టేగా. అలాంటివి ఎనిమిది ఏరి అతని అరచేతిలో పోశాను. అతను వాటివంక చూశాడు, ఫోన్ వంక చూశాడు. ఏదో అనబోయి ఆగాడు.

"ఏం, కావా?" అన్నాను.

"అబ్బే. మీరు ఫ్యాక్టరీలో చేసినవాళ్ళు," అన్నాడు.

టంకం నేనే వేశాను. చేతులు మర్చిపోలేదు. సాయంత్రానికి కత్తి తయారైంది. మీట నొక్కాడు.

ఏం వెలుగు! వంటిల్లు ఎర్రబడింది. తెల్ల ఫ్రిజ్ మీద మంట ఆడింది. అల్లుడు కత్తి రెండు చేతులా ఎత్తిపట్టి, దూతలాగా మొహం బిగించి నిలబడ్డాడు. నాకు గర్వంగా ఉంది. పరీక్ష బల్ల మీద ఇంతకంటే మంచి పని చేయలేదనుకున్నాను. అప్పుడు ముక్కుకి వాసన తగిలింది. ఆ వాసన ఎరుగుదును. "ఆపెయ్ బాబూ," అనేలోపు ఒక వరస ఆరింది. వెనకే ఇంకోటి. అతను మీట వెతుక్కునేలోపు ఐదు వరసలు పోయాయి. గొట్టంలో కాగితం గోధుమరంగుకి తిరిగింది. పొగ గొట్టం పైనుంచి సన్నగా, అగరొత్తి పొగలా లేచింది.

అతను వెళ్ళి కిటికీలు తీశాడు.

"చైనా సరుకు," అన్నాను చివరికి.

"అయ్యుంటుంది," అన్నాడు అతను.

అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చేసరికి కిటికీలన్నీ తీసి ఉన్నాయి, చలి ఇల్లంతా. "ఏంటీ కంపు?" అంది గుమ్మంలోనే.

"నేనే. వైరింగ్ తప్పు చేశాను," అన్నాడు అల్లుడు.

"ఆదివారం నాటకం పెట్టుకుని! ఊళ్ళో అందరి ముందూ చీపురు పట్టుకుని నిలబడతావా ఇప్పుడు? అమ్మనైనా అడగాల్సింది. రేడియో కంపెనీలో చేసింది కదా."

"అడగలేదు," అన్నాడతను.

నేను అన్నం వడ్డిస్తున్నాను. గరిట ఆగింది, మళ్ళీ కదిలింది. ఇంతకు ముందు ఆ ఇంట్లో నేను ఒక గదిలో ఇరుక్కుని ఉండేదాన్ని. ఆ పూట ఆ మనిషి చెప్పిన అబద్ధంలో ఇరుక్కున్నాను. గదికైనా కిటికీ ఉంది.

మర్నాడు పొద్దున అతను కొత్త బల్బులూ మీటరుకి బ్యాటరీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. కూర్చోమని కుర్చీ లాగాడు. మాడిన వరసలోంచి ఒక గింజ తెంపి, మీటరు ముళ్ళు రెండూ దానికి తాకించాడు.

"ఇరవై రెండు, అత్తయ్యా. రెండు వందల ఇరవై కాదు."

"ఎలా కుదురుద్ది? చారలు చదువు."

"ఎరుపు. ఎరుపు. నలుపు. బంగారం. కాఫీ." ఫోన్ ముందుకి జరిపాడు. "ఇప్పుడు ఐదు చారలొస్తున్నాయి. మొదటి మూడూ అంకెలే. నాలుగోది బంగారమైతే పదోవంతుకి తగ్గించాలంట. రెండు వందల ఇరవైలో పదోవంతు, ఇరవై రెండు. మీ కాలంలో నాలుగే చారలు కదా, మీకెలా తెలుస్తుంది?"

నాకో దారి దొరికింది. నిజమైన దారే. లెక్క మారిపోయింది, నాకు చెప్పినవాళ్ళు లేరు, తప్పు నాది కాదు. అమ్మాయితో కూడా ఆ మాటే చెప్పొచ్చు. కళ్ళ ఊసే రాదు. కార్డు నా దగ్గరే ఉంటుంది.

కానీ అతను ఆ గింజని ఇంకా వేళ్ళ మధ్య తిప్పుతూనే ఉన్నాడు.

"మూడోది నలుపు," అన్నాడు, నా వంక చూడకుండా. "నాలుగు చారల లెక్కన చూసినా నలుపైతే ఇరవై రెండే వస్తుంది. మీకు అది కాఫీ రంగులా కనపడింది."

నేను కొత్త బల్బుల్ని మూడేసి వరసల్లో పేర్చడం మొదలుపెట్టాను.

"నిన్ననే చూశాను. చెప్పలేకపోయాను. మీకెలా చెప్తాను?"

"చెప్పాల్సింది," అన్నాను. "పదిహేను బల్బులు కాల్చుకున్నాం మన మర్యాదలతో."

"అదొక్కటే కాదత్తయ్యా." అతని చెవులు ఎర్రబడ్డాయి. "మా డిపోలో మిమ్మల్ని అందరూ ఎరుగుదురు. ప్రతి బస్సునీ ఆపే ఆంటీ అంటారు. మీ అత్తని చూస్తే ముచ్చటేస్తుంది, రోజూ బస్సు ఆపి సారీ చెబుతుంది అంటాడు ఒక ఫిజీ డ్రైవరు. ఆర్నెల్లుగా తెలుసు నాకు."

ఆర్నెల్లు. నేను దొంగలా దాచుకుంటున్నది డిపో అంతా టీ తాగుతూ చెప్పుకుంటోంది. సిగ్గుతో పాటు కోపం వచ్చింది. కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

"మీ ఆవిడతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే కార్డు తీసేసుకుంటుంది. అప్పుడు మీరు ఏం చేస్తారు?" అన్నాడు. "నేను చెప్పను. మీరు భయపడకండి."

మంచివాడు. కానీ ఆ మాటతో నా కార్డు అతని జేబులోకి పోయింది. రేపటి నుంచి నేను బస్సెక్కిన ప్రతిసారీ అతను పెళ్ళాం దగ్గర ఒక అబద్ధం మొయ్యాలి. ఎక్కడైనా కారు కింద పడితే ఆ పాపం అతనిది. తక్కువ గింజ వేసి ఎవరి మీదకో కరెంటు తోయడం నిన్న ఒకసారి చేశాను. చాలు.

ముందు పని కానిచ్చాం. అతను చారలు పైకి చదివాడు, నేను లెక్క కట్టాను, మీటరు సాక్ష్యం చెప్పింది. ఎరుపు, ఎరుపు, నలుపు, నలుపు, కాఫీ. ఈ కాలపు రెండు వందల ఇరవై అది. ఎనిమిది దొరికాయి. ఈసారి టంకం అతను వేశాడు, నేను పక్కన కూర్చుని తిట్టాను. "అంత సీసం పొయ్యకు, పచ్చడా అది? చుక్క చాలు." వెలిగిస్తే నిన్నటంత ఆర్భాటం లేదు. నిదానమైన ఎరుపు. అరగంట ఉంచాం. గొట్టం చల్లగా ఉంది.

మధ్యాహ్నం అమ్మాయి కునుకు తీసి లేచింది. టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని చెప్పాను. మాటలు చుట్టూ తిప్పడం నాకు రాదు.

"కత్తి కాల్చింది మీ ఆయన కాదు, నేను. నాకు నలుపుకీ కాఫీకీ తేడా తెలియడం లేదు. బస్సు నెంబర్లు కనపడవు. న్యూ లిన్‌కి వెళ్ళింది నిద్రమత్తులో కాదు."

అమ్మాయి కప్పు కింద పెట్టింది. ఫోన్ లైటు వేసి, నా గడ్డం పట్టుకుని, రెప్ప పైకెత్తి చూసింది. ఆ చేతులు నా కూతురివి కావు, వార్డులో నర్సువి.

"ఎన్నాళ్ళైంది?"

"ఏడాది దాటింది."

"రోడ్లు ఎలా దాటుతున్నావమ్మా?"

"వేరేవాళ్ళు దాటినప్పుడు."

ఆమె కాసేపు లైటు ఆర్పలేదు. "రోజూ వస్తారు నా వార్డుకి, నీలాగే. తుంటి విరిగినవాళ్ళు. అందరూ బాగానే కనపడుతుందనే చెప్తారు." చెయ్యి చాపింది. "కార్డు ఇవ్వు."

"జైల్లో పెడతావా నన్ను?"

"ఆపరేషన్ అయ్యేదాకా పెడతాను."

ఇచ్చాను. బతిమాలలేదు. ఆమె మొగుడి వైపు తిరిగి, "నీకు తెలుసా?" అంది. అతను గొట్టం తుడుస్తూ నేల చూశాడు. "వాడినేం అడక్కు," అన్నాను. ఆరేళ్ళలో మొదటిసారి అల్లుణ్ణి వాడు అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

ఆదివారం స్కూలు హాల్లో నాటకం జరిగింది. తోటలోంచి బయటికొచ్చిన ఇద్దరూ వెనక్కి తిరిగి చూసే వేళకి మా అల్లుడు గుమ్మం దగ్గర కత్తి ఎత్తాడు. అందరూ ఆహా అన్నారు. నాకు మాత్రం మనిషి కనపడలేదు, కత్తి కనపడలేదు. చీకట్లో ఒక ఎర్రటి మరక, కదలకుండా. దాన్ని దాటి లోపలికి వెళ్ళడానికి లేదు. ఆ కరెంటు లెక్క కట్టింది నేనే. ఒక్క వరస కూడా ఆరలేదు.

ఆపరేషన్ తేదీ ఇంకా రాలేదు. కార్డు ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఉంది, నా చేతికి అందేంత ఎత్తులో. తీసుకోను. గుజరాతీ ముసలావిడకి నేను ఎందుకు రావడం లేదో చెప్పడానికి ఆమె భాష ఎవరికీ రాదు మా ఇంట్లో.

ఈ నెల నుంచి అల్లుడికి మా వీధి చివర మలుపు మీదుగా పోయే బస్సు పడింది. అడిగి వేయించుకున్నాడో, దానంతట అదే వచ్చిందో, నేను అడగలేదు, అతను చెప్పలేదు. పదకొండు దాటాక కిటికీ దగ్గర కూర్చుంటాను. బస్సులు పోతుంటాయి. అంత దూరాన అవి నాకు మసక పెట్టెలు, నెంబరు లేదు, రంగు లేదు. వాటిలో ఒకటి మలుపు దగ్గర కాస్త నెమ్మదిస్తుంది, ముందు లైట్లు ఒక్కసారి వెలిగి ఆరుతాయి. కూర్చున్నచోటి నుంచే చెయ్యెత్తుతాను. అది ఆగదు.